వరుస తప్పిన రహదారి

* కుడి వరుసలో భారీ వాహనాల తిష్ఠ
* గత్యంతరం లేక ఎడమ నుంచి దూసుకెళ్తున్న కార్లు
* ఆటోలు, ఆరబోతలు, ఆగిన లారీలతో ఇరుకైన ఎడమ వరుస
* జరిమానాలతోనే తీరే సమస్య కాదు

సూర్యాపేట: హైదరాబాద్-విజయవాడ జాతీయ రహదారిపై నిత్యం కనిపించే దృశ్యమిది. సిమెంటు బస్తాలతో ఒక లారీ ఎడమ వరుసలో గంటకు 55 కిలోమీటర్ల వేగంతో సాగుతుంటుంది. దాని వెనుక నుంచి 60 కిలోమీటర్ల వేగంతో వచ్చిన మరో లారీ కుడి వరుసలోకి మారుతుంది. రెండూ పక్కపక్కన చేరతాయి. రోడ్డు మూసుకుపోతుంది. వెనుక ఆర్టీసీ బస్సు, దాని వెనుక నాలుగు కార్లు, ఆ కార్ల వెనుక సైరన్ మోగిస్తూ 108 వాహనం. హారన్ల మోత తప్ప కదలిక ఉండదు. ముందు లారీ దాటుకుని వెళ్లిన తరువాతయినా రెండో లారీ ఎడమకు జరుగుతుందా అంటే అదీ లేదు. డివైడరును ఆనుకుని అలాగే సాగిపోతుంది. సహనం నశించిన కారు చోదకుడు ఎడమ పక్కనున్న సందులోకి దూరతాడు. అక్కడ ఒక ద్విచక్ర వాహనం ఎదురుగా వస్తుంటుంది.

ఇక్కడి నుంచి కథ ఎటు తిరుగుతుందన్నది ఒక్క క్షణం మీద ఆధారపడి ఉంటుంది. తప్పితే అదృష్టం. తప్పకపోతే మరుసటి రోజు జిల్లా పేజీలో నాలుగు వరుసల వార్త. 'అతివేగం, నిర్లక్ష్యం' అని పోలీసు రికార్డుల్లోకి ఎక్కే ఇలాంటి ప్రమాదాల మూలం చాలా సందర్భాల్లో వేగం ఒక్కటే కాదు. ఏ వాహనం ఏ వరుసలో వెళ్లాలన్న కట్టుబాటు లేకపోవడమే అసలు జబ్బు. ఆ కట్టుబాటు ఎందుకు నిలవడం లేదన్నది తేల్చకుండా ఎన్ని హెచ్చరిక బోర్డులు పెట్టినా ప్రయోజనం ఉండదు.

రెండు వరుసల అలవాటు... నాలుగు వరుసల రోడ్డు

ఒకప్పుడు 9వ నంబరు జాతీయ రహదారిగా పేరుపొందిన ఈ మార్గం 2010లో జరిగిన నంబర్ల మార్పుతో 65వ నంబరుగా మారింది. హైదరాబాద్ శివారులోని మల్కాపురం నుంచి నందిగామ వరకు సుమారు 181 కిలోమీటర్ల మేర నాలుగు వరుసల విస్తరణ పూర్తయి 2012 చివరి నుంచి వాహనాలు తిరుగుతున్నాయి. రోడ్డు మారింది. డ్రైవింగ్ మాత్రం మారలేదు.

పాత రోడ్డుపై రానూపోనూ వాహనాలన్నీ ఒకే దారిలో తిరిగేవి. ఎడమ అంచున గుంతలు, దిగుళ్లు, మట్టి. అంచు దిగితే లారీ ఒరిగిపోయే ప్రమాదం. అందువల్ల రోడ్డు నడిబొడ్డునే నడపడం, ఎదురుగా వాహనం వచ్చినప్పుడు మాత్రమే ఎడమకు జరగడం అలవాటయింది. వెనుక వచ్చేవాడు హారన్ కొడితేనే దారివ్వాలన్న పద్ధతి కూడా అప్పటిదే. లారీల వెనుక కనిపించే 'సౌండ్ హారన్' రాతలు ఆ కాలపు గుర్తులే. నాలుగు వరుసల రోడ్డుపై ఎదురుగా వాహనం రాదు. అంటే ఎడమకు జరగాల్సిన అవసరమే డ్రైవరుకు కనిపించదు. 'నడిరోడ్డు' అలవాటు కాస్తా 'కుడి వరుస' అలవాటుగా స్థిరపడింది.

ఇండికేటర్ల భాష కూడా అంతే. ముందు లారీ కుడి ఇండికేటరు వెలిగిస్తే 'దాటి వెళ్లు' అని కొందరు, 'నేను కుడికి తిరుగుతున్నాను' అని మరికొందరు అర్థం చేసుకోవడం పాత రోడ్ల మీద ఉన్నదే. నిదానంగా నడిచే ఇరుకు రోడ్డుపై ఆ గందరగోళం ఎలాగోలా గడిచిపోయింది. వంద కిలోమీటర్ల వేగంతో కార్లు తిరిగే రోడ్డుపై ఒకే లైటుకు రెండు అర్థాలుంటే ప్రాణాలు పోతాయి.

ముప్పావు కిలోమీటరు మూసివేత

నిదానంగా వెళ్లే వాహనం కుడి వరుసలో ఉంటే నష్టమేమిటన్న ప్రశ్న సహజం. లెక్క వేస్తే విషయం తేటతెల్లమవుతుంది.

55 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న లారీని 60 కిలోమీటర్ల వేగంతో వచ్చిన లారీ దాటాలంటే రెండింటి మధ్య తేడా గంటకు 5 కిలోమీటర్లే. అంటే సెకనుకు మీటరున్నర కూడా లేదు. రెండు లారీల పొడవు, ముందూ వెనుకా విడిచే ఖాళీ కలిపి 64 మీటర్లు అనుకుంటే, దాటడానికి దాదాపు 46 సెకన్లు పడుతుంది. ఆ వ్యవధిలో ఆ లారీ ముప్పావు కిలోమీటరుకు పైగా ప్రయాణిస్తుంది. అంతసేపూ రెండు వరుసలూ మూసుకుపోయినట్లే. అదే 90 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు అదే లారీని దాటడానికి ఆరు సెకన్లు చాలు. 150 మీటర్లలోపే పని ముగుస్తుంది.

రవాణా వాహనాలకు గంటకు 80 కిలోమీటర్లు మించకుండా వేగ నియంత్రణ పరికరం ఉండాలన్న నిబంధనను 2015లో కేంద్రం తెచ్చింది. నిండు బరువుతో వెళ్లే లారీలు ఆ వేగాన్నీ అందుకోలేవు. అన్నీ ఇంచుమించు ఒకే వేగంతో వెళ్తున్నప్పుడు ఒకదానినొకటి దాటే ప్రయత్నం వల్ల లారీకి మిగిలేది రెండు మూడు నిమిషాలు. వెనుక ఆగిన వాహనాలన్నీ పోగొట్టుకునేది అంతకు ఎన్నో రెట్లు.

ఆ నష్టం సమయంతోనే ఆగదు. ముందు వాహనం బ్రేకు వేస్తే వెనుకది ఇంకొంచెం గట్టిగా, దాని వెనుకది మరింత గట్టిగా వేయాల్సి వస్తుంది. జపాన్ పరిశోధకులు 2008లో ప్రచురించిన ప్రయోగం దీన్ని కళ్లకు కట్టింది. 230 మీటర్ల గుండ్రటి బాటపై 22 కార్లను ఒకే వేగంతో నడపమన్నారు. అడ్డంకి లేదు, కూడలి లేదు, సిగ్నల్ లేదు. అయినా కొద్దిసేపటికే ఒకచోట కార్లు ఆగిపోవడం, ఆ నిలుపుదల అలలా వెనక్కి పాకడం మొదలైంది. వేగంలో చిన్న చిన్న తేడాలే అందుకు కారణం. ఏ అడ్డూ లేని బాటపైనే అలా జరిగితే లారీలు, బస్సులు, ఆటోలు కలగలిసిన రహదారి సంగతి చెప్పనక్కరలేదు.

లారీకి కనిపించని పక్క

మన వాహనాల్లో డ్రైవరు కుడి వైపు కూర్చుంటాడు. ఎత్తయిన లారీ క్యాబిన్‌లో కుడి పక్క కిటికీలోంచి తల తిప్పితే రోడ్డు కనిపిస్తుంది. ఎడమ తలుపును ఆనుకుని వచ్చే ద్విచక్ర వాహనం గానీ, చిన్న కారు గానీ అతడి కంటికి ఆనదు. అద్దంలోనూ కొంత భాగం కనిపించదు. కుడి వైపు నుంచే దాటాలన్న నియమానికి మూలం ఇదే. డ్రైవరు కన్ను ఉన్న పక్క నుంచి దాటితే అతడు చూస్తాడు. లేని పక్క నుంచి దాటితే చూడడు.

పూర్వం ఆ లోటును క్లీనరు పూడ్చేవాడు. ఎడమ తలుపు దగ్గర కూర్చుని వెనుక వచ్చే వాహనాలను గమనిస్తూ, తలుపు మీద చరుస్తూ డ్రైవరును హెచ్చరించేవాడు. కిరాయిలు గిట్టుబాటు కాక, మనుషులు దొరక్క ఇప్పుడు చాలా లారీలు క్లీనరు లేకుండానే తిరుగుతున్నాయి. లారీకి ఎడమ కన్ను పోయింది. సరిగ్గా ఆ పక్క నుంచే కార్లు దూరుతున్నాయి. కుడి వరుసలో ఉన్న లారీ డ్రైవరు వెనుక హారన్ విని దారివ్వాలన్న సదుద్దేశంతోనే ఎడమకు జరిగినా, అప్పటికే అక్కడికి చేరిన కారు నలిగిపోతుంది. దారివ్వని లారీ ప్రమాదకరమే. ఆలస్యంగా దారిచ్చే లారీ అంతకంటే ప్రమాదకరం.

చట్టం ఉంది

వీలైనంత మేర రోడ్డుకు ఎడమ వైపున నడపాలని, కుడి వైపు నుంచే దాటాలని, గీతలున్న చోట ఆ వరుసలోనే సాగి సంకేతం ఇచ్చిన తరువాతే మారాలని 1989 నాటి రోడ్డు నియమాలే చెప్పాయి. వాటి స్థానంలో 2017లో కొత్త డ్రైవింగ్ నిబంధనలు వచ్చాయి. మూల సూత్రం మారలేదు.

2019 సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన మోటారు వాహనాల సవరణ చట్టం శిక్షలను పెంచింది. చట్టవిరుద్ధంగా ఇతర వాహనాలను దాటడం, రాకపోకల దిశకు ఎదురుగా నడపడం 184వ సెక్షన్ కింద ప్రమాదకర డ్రైవింగ్‌గా పరిగణిస్తారు. మొదటిసారి నేరానికి 6 నెలల నుంచి ఏడాది వరకు జైలు, లేదా 1,000 నుంచి 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. అంబులెన్సు వంటి అత్యవసర వాహనానికి దారివ్వకపోతే 6 నెలల వరకు జైలు లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

అయితే రహదారిపై తనిఖీ అంటే వేగాన్ని పట్టే కెమెరా, హెల్మెట్, సీటు బెల్టు, కాగితాలు. కుడి వరుసను పది కిలోమీటర్లు ఆక్రమించుకుని వెళ్లిన వాహనాన్ని ఆపి అడిగే సందర్భాలు అరుదు. వేగాన్ని యంత్రం కొలుస్తుంది. వరుస తప్పడాన్ని మనిషి గమనించాలి. గమనించే మనిషి టోల్‌గేటుకు, టోల్‌గేటుకు మధ్య కనిపించడు.

కుడి వరుస ఎందుకు వదలరు?

నింద మొత్తం లారీ డ్రైవరు మీద వేసి చేతులు దులుపుకోవడం తేలిక. అతడి వాదన కూడా వినాలి. ఎడమ వరుసలో నడపడానికి వీలు లేదన్నది డ్రైవర్లందరి మాట. రోడ్డు వెంట కొద్ది దూరం పరిశీలించినా ఆ మాటలో నిజం తెలుస్తుంది.

ఎడమ వరుసలో మొదట ఎదురయ్యేది ఆటో. మండల కేంద్రం నుంచి పల్లెకు ప్రయాణికులతో వెళ్లే ఆటో చెయ్యెత్తిన ప్రతిచోటా ఆగుతుంది. తరువాత ట్రాక్టరు. వరి కోతల కాలంలో ధాన్యం ట్రక్కులు, పత్తి తీసే రోజుల్లో బోరాల బండ్లు సూర్యాపేట వ్యవసాయ మార్కెట్ దారి పడతాయి. వాటిలో చాలా ట్రక్కులకు వెనుక ఎర్ర దీపం ఉండదు, మెరిసే పట్టీ ఉండదు. కోతలు ముమ్మరమైతే రోడ్డు అంచున ధాన్యం ఆరబోతలు వెలుస్తాయి. వడ్ల మీదికి వాహనం రాకుండా రాళ్లు పేరుస్తారు. కల్లాల కొరత రైతు కష్టం. చీకట్లో ఆ రాళ్లకు తగిలి పడిపోయే ద్విచక్ర వాహనదారు కూడా చాలాసార్లు పక్క ఊరి రైతే.

దాబాల ముందు నిలిపిన లారీలది మరో సమస్య. లోపల జాగా ఉన్నా తిరిగి బయలుదేరడానికి అనువుగా ఉంటుందని రోడ్డు అంచునే ఆపుతారు. లారీ వెనుక భాగం సగం ఎడమ వరుసలోకి పొడుచుకు వస్తుంది. టైరు పేలి ఆగిన లారీకి రక్షణగా రాళ్లు, చెట్ల కొమ్మలు పెడతారు. బాగుచేసుకుని వెళ్లేటప్పుడు లారీ పోతుంది, రాళ్లు ఉండిపోతాయి. 90 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకు 25 మీటర్లు కదులుతుంది. డిప్ చేసిన హెడ్‌లైటు వెలుగులో యాభై అరవై మీటర్ల దూరంలో ఆగిన లారీ కనిపించినా, కాలు బ్రేకు మీదికి వెళ్లేలోపే అందులో సగానికి పైగా దూరం కరిగిపోతుంది.

వీటన్నింటికీ మించినది రాంగ్ రూట్. పొలం రోడ్డుకు అవతల ఉంటుంది. డివైడరుకు మధ్య దారి రెండు కిలోమీటర్ల దూరంలో ఉందనుకుంటే, తిరిగి రావడానికి నాలుగు కిలోమీటర్లు. అర కిలోమీటరు ఎదురెళ్తే సరిపోతుంది. ఎరువు బస్తా వేసుకుని మోపెడ్ మీద వెళ్లే రైతుకు రోజుకు రెండు పూటలా ఈ లెక్క ఎదురవుతుంది. అతడు ఎదురెళ్లేది ఎడమ వరుస అంచునే. 90 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు, 40 కిలోమీటర్ల వేగంతో ఎదురొచ్చే బండి వంద మీటర్ల ఎడం నుంచి ఢీకొనడానికి మూడు సెకన్లు కూడా పట్టదు.

ఇన్ని అడ్డంకులున్న ఎడమ వరుసలో 30 టన్నుల బరువుతో వెళ్లే డ్రైవరు ప్రతి అర కిలోమీటరుకు బ్రేకు వేసి, గేరు మార్చి, మళ్లీ వేగం అందుకోవాలి. డీజిలు ఖర్చు, టైర్ల అరుగుదల, పైగా ప్రమాదం జరిగితే జైలు భయం. అందుకే అతడికి డివైడరు పక్కన భద్రత కనిపిస్తుంది. కుడి వరుస ఖాళీ కావాలంటే ముందు ఎడమ వరుస నడవడానికి యోగ్యం కావాలి. సమస్యకు కీలకం ఇక్కడే ఉంది.

కార్ల వారిదీ తప్పే

కుడి వరుసను ఆక్రమించేది లారీలేనన్నది సగం నిజమే. ఫోన్ మాట్లాడుతూ 65 కిలోమీటర్ల వేగంతో డివైడరు పక్కనే సాగే కార్లకు లోటు లేదు. వెనుక నుంచి లైటు వేస్తే అవమానంగా భావించి వేగం పెంచేవారు, దాటనివ్వకుండా అడ్డుపడేవారూ ఉన్నారు. మరికొందరు ఎడమ, కుడి, మళ్లీ ఎడమ అంటూ పాము నడకన దూసుకెళ్తారు. అలా వెళ్లినవారు తరువాతి టోల్‌గేటు దగ్గర అదే లారీ వెనుక కనిపించడం ప్రయాణికులందరికీ అనుభవమే.

ముందు వాహనానికి ఎంత దూరంలో ఉండాలన్న స్పృహ కూడా తక్కువే. ముందు వాహనం దాటిన స్తంభాన్ని తాము చేరేసరికి కనీసం మూడు సెకన్లు గడవాలన్నది సులభమైన కొలత. 90 కిలోమీటర్ల వేగం వద్ద అది 75 మీటర్లు. ఆ ఖాళీ విడిస్తే మరొకరు వచ్చి దూరతారన్నది చాలామంది సమాధానం. దూరినా పోయేది మూడు సెకన్లే.

కూడళ్లే ప్రమాద స్థలాలు

ఈ రహదారిపై తరచు ప్రమాదాలు జరిగే స్థలాలుగా గుర్తించిన వాటిలో చౌటుప్పల్, పెద్దకాపర్తి, చిట్యాల, కట్టంగూరు, సూర్యాపేట జనగామ క్రాస్‌రోడ్డు, దురాజ్‌పల్లి, ముకుందాపురం, ఆకుపాముల, కొమరబండ వంటివి ఉన్నాయి. పేర్లు చూస్తేనే విషయం బోధపడుతుంది. ఇవన్నీ ఊరి దారి వచ్చి రహదారిలో కలిసే చోట్లు. రోడ్డు దాటే మనిషి, మలుపు తిరిగే ఆటో, బస్సు కోసం ఎదురుచూసే విద్యార్థి, దూసుకొచ్చే కారు ఒకేచోట కలుస్తారు. వరుస అన్న మాటకు అక్కడ అర్థం ఉండదు.

2014 డిసెంబర్ 6న మునగాల మండలం ఆకుపాముల వద్ద కారు ట్రాక్టరును ఢీకొన్న ప్రమాదంలో సినీ నిర్మాత నందమూరి జానకిరామ్ మరణించారు. ప్రముఖుడు కావడంతో ఆ వార్త రాష్ట్రమంతటా మారుమోగింది. పేరు లేని మరణాలు మాత్రం ఆసుపత్రి పంచనామాతో ముగిసిపోతున్నాయి. దారికి ఇరువైపులా ఉన్న పల్లెల్లో ఈ రోడ్డు వల్ల పెద్దదిక్కును కోల్పోని వీధి అరుదని స్థానికులు వాపోవడం కద్దు.

లెక్కల్లో కనిపించని కారణం

కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది చనిపోయారు. మొత్తం రోడ్ల నిడివిలో జాతీయ రహదారుల వాటా 2 శాతం ఉంటే, మృతుల్లో 36 శాతం ఆ రోడ్ల మీదే ప్రాణాలు విడిచారు. మృతుల్లో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనదారులు. ప్రమాదాల్లో ఐదో వంతుకు పైగా వెనుక నుంచి ఢీకొన్నవి.

కారణాల పట్టికలో అతివేగానిదే పైచేయి. 70 శాతానికి పైగా మరణాలను దాని ఖాతాలోనే రాశారు. రాంగ్ సైడ్ డ్రైవింగ్ వాటా 5 శాతం దాటితే గొప్ప. ఈ లెక్కను జాగ్రత్తగా చదవాలి. కుడి వరుసలో నిదానంగా వెళ్తున్న లారీని వెనుక నుంచి కారు ఢీకొంటే కారుది అతివేగం అవుతుంది. ఎడమ నుంచి దాటబోయి ఆగిన లారీకి తగిలినా అతివేగమే. ముందు లారీ ఏ వరుసలో ఉంది, ఎందుకుంది అన్న ప్రశ్నకు పట్టికలో గడి లేదు. గడి లేని కారణానికి నివారణ కూడా ఉండదు.

ఓఆర్ఆర్ నేర్పుతున్న పాఠం

ఇదే రహదారి పెద్ద అంబర్‌పేట వద్ద హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డును కలుస్తుంది. 158 కిలోమీటర్ల ఆ ఎనిమిది వరుసల రోడ్డుపై ఒక్కో వైపు నాలుగు వరుసల్లో కుడి వైపు రెండింటిని వేగంగా వెళ్లే వాహనాలకు, ఎడమ వైపు రెండింటిని నిదానంగా వెళ్లే వాటికి నిర్దేశించారు. ద్విచక్ర వాహనాలకు, పాదచారులకు ప్రవేశం లేదు. ఊళ్లకు వెళ్లేవారికి పక్కన సర్వీసు రోడ్డు ఉంది. అక్కడ ప్రమాదాలు ఆగిపోయాయని కాదు. అయితే లారీ ఎడమ వరుసలో కిలోమీటర్ల కొద్దీ నిలకడగా వెళ్లగలుగుతోంది. దానికి ఎదురుగా మోపెడ్ రాదు, ముందు ఆటో ఆగదు. డ్రైవరు అతడే, లారీ అదే. చౌటుప్పల్ దాటగానే కుడికి చేరుతున్నాడంటే తేడా అతడి సంస్కారంలో మాత్రమే లేదు, రోడ్డులోనూ ఉంది.

రహదారిని ఆరు వరుసలు చేస్తే అన్నీ సర్దుకుంటాయన్న ఆశ పలువురిలో ఉంది. ఎడమ వరుస ఇలాగే ఉంటే రేపు కుడి వరుసతో పాటు నడి వరుస కూడా లారీలతో నిండుతుంది. దాటేవాడు రెండు లారీల మధ్య నుంచి దూరతాడు. విస్తరణలో సర్వీసు రోడ్డు, అండర్‌పాస్ లేకపోతే వెడల్పు పెరుగుతుంది గానీ ప్రమాదం తగ్గదు.

పండగ వస్తే పరీక్షే

ఏటా సంక్రాంతికి ముందు నాలుగు రోజులు రోడ్డు స్వరూపమే మారిపోతుంది. హైదరాబాద్ నుంచి కోస్తా జిల్లాలకు కార్లు బారులు తీరుతాయి. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్ల వద్ద రద్దీ పెరుగుతుంది. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక గేటు దగ్గర చిల్లర కోసం ఆగే బాధ తగ్గింది. పంతంగి వద్ద విజయవాడ వైపు అదనపు గేట్లు కూడా తెరుస్తుంటారు. అయినా బారులు ఎందుకు తప్పడం లేదు? గేటు చేరేముందు పక్క వరుస కొంచెం ఖాళీగా కనిపించగానే అడ్డంగా మళ్లించడం ఒక కారణం. పది గేట్లలోంచి బయటపడిన కార్లు మళ్లీ రెండు వరుసల్లోకి దూరే తొందర మరో కారణం. ఒకరి తరువాత ఒకరుగా కలిస్తే నిమిషంలో తేలే చోట, ఇద్దరూ ముందుకు తోసుకుంటే ఇద్దరూ ఆగుతారు.

పద్ధతిగా చేస్తే సాధ్యమేననడానికి ఈ జిల్లాలోనే ఉదాహరణ ఉంది. రెండేళ్లకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు లింగమంతుల జాతరకు లక్షలాది భక్తులు రహదారి పక్కకే తరలివస్తారు. ఆ రోజుల్లో పోలీసులు ముందుగానే ప్రకటించి దూర ప్రాంత వాహనాలను నార్కట్‌పల్లి, నల్గొండ, హుజూర్‌నగర్, కోదాడ మీదుగా మళ్లిస్తారు. సిబ్బందిని దారి పొడవునా నిలుపుతారు. జాతర ముగియగానే ఆ శ్రద్ధ కూడా ముగిసిపోవడమే విచారకరం.

ఎవరి పని వారు చేస్తేనే

చేయాల్సినవి పెద్ద ఖర్చుతో కూడినవే కాదు. జాతీయ రహదారుల ప్రాధికార సంస్థ గీతలు చెరిగిపోయిన చోట తిరిగి వేయించాలి. నిదానపు వాహనాలు ఎడమకు అన్న బోర్డులను బొమ్మలతో, తెలుగు, హిందీ భాషల్లో పెట్టాలి. ఈ దారిన తిరిగే లారీల్లో ఇతర రాష్ట్రాలవీ అధికమే. సర్వీసు రోడ్డు లేని చోట పొలాలకు వెళ్లే రైతు ఎటు వెళ్లాలో చూపకుండా రాంగ్ రూట్ అని జరిమానా వేస్తే అతడు మరో పూట మళ్లీ ఎదురే వస్తాడు. లారీలు నిలపడానికి కేటాయించిన స్థలాల్లో దీపాలు, నీళ్లు, మరుగుదొడ్లు ఉంటే దాబా ముందు రోడ్డు ఖాళీ అవుతుంది.

పోలీసులు, రవాణా శాఖ వారు వేగపు కెమెరాల వద్ద చూపే శ్రద్ధలో కొంత వరుస మీద చూపాలి. మొదట జరిమానా కాకుండా టోల్‌గేటు దగ్గర ఆపి చెప్పడం, వినకపోతే చలానా రాయడం మేలు. డ్రైవింగ్ లైసెన్సు పరీక్షలో 'ఎనిమిది' అంకె తిప్పించడంతో పాటు వరుస మారేటప్పుడు అద్దం చూశాడా, సంకేతం ఇచ్చాడా అన్నదీ పరిశీలించాలి. మార్కెట్ కమిటీలు యార్డులోకి వచ్చే ప్రతి ట్రక్కుకు వెనుక ఎర్రని మెరుపు పట్టీ అతికించే ఏర్పాటు చేస్తే అయ్యే ఖర్చు స్వల్పం. పంచాయతీలు కల్లాల కోసం జాగా చూపితే వడ్లు రోడ్డెక్కవు.

వాహన చోదకులు పాటించాల్సినవి నాలుగే. దాటడానికి మాత్రమే కుడి వరుస, దాటిన వెంటనే ఎడమకు. మారేముందు అద్దం, ఆ తరువాత ఇండికేటరు, ఆ తరువాతే స్టీరింగ్. ముందు వాహనానికి మూడు సెకన్ల ఎడం. బండి చెడితే పూర్తిగా అంచుకు దించి, ఎర్ర త్రికోణం దూరంగా నిలిపి, వెళ్లేటప్పుడు పెట్టిన రాయిని తీసివేయడం. జాతీయ రహదారిపై ఆపద కలిగితే 1033 నంబరుకు, అంబులెన్సుకు 108కి ఫోన్ చేయవచ్చు.

తిరిగి మొదటి దృశ్యానికి వస్తే, రెండు లారీల వెనుక చిక్కుకున్న 108 వాహనంలో ఉన్నది ఎవరన్నది ముందు లారీ డ్రైవరుకు తెలియదు. ఎదురుగా మోపెడ్ మీద వచ్చే రైతుకూ తెలియదు. దాబా ముందు లారీ నిలిపి భోజనానికి కూర్చున్నవారికీ తెలియదు. రోగి ప్రాణానికి అడ్డుపడాలని వారిలో ఏ ఒక్కరూ అనుకోలేదు. అయినా ముగ్గురూ కలిసి దారి మూశారు. ఆ దారి తెరవాల్సింది కూడా ముగ్గురూ కలిసే. వారు అలా చేయడానికి వీలైన రోడ్డును అందించాల్సిన బాధ్యత మాత్రం అధికారులదే.